పాలపన్ను మీద పాత పేచీ

చెన్నై వేలచ్చేరిలో మా తమ్ముడి ఇంట్లో మొన్న రాత్రి పదకొండింటికి పంచాయితీ. ఏడు నెలల పిల్ల. చొంగ కారుస్తూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది, తను నిద్రపోదు, ఎవర్నీ పోనివ్వదు. కింది చిగురులో బియ్యపు నూకంత తెల్లటి గీత కనిపిస్తోంది. తమ్ముడు గుడివాడ నుంచి నాన్న పంపిన హోమియో సీసా తీశాడు. మరదలు మందుల షాపు నుంచి తెచ్చిన చిగుళ్ల జెల్ తీసింది. మా అమ్మ అప్పటికే వంటింట్లో సానరాయి కడుగుతోంది, వసకొమ్ము అరగదీయడానికి.

"చక్కెర గుళికలకి నొప్పి తగ్గుతుందా?" అని మరదలు. "నీ జెల్ డబ్బా మీద ఏం రాసుందో చదివావా?" అని వాడు. "నిన్ను పెంచింది దీంతోనేరా" అని రాయి మీద నుంచి తల ఎత్తకుండా అమ్మ.

ఈ తగువు వీళ్లది కాదు, చాలా పాతది. పళ్లు వచ్చేటప్పుడు పిల్లకి ఏ జబ్బు చేసినా పంటి మీదకే నెట్టడం అన్ని దేశాల్లోనూ ఉంది. గ్రీకు వైద్యంలో హిప్పోక్రటీస్ పేర చెలామణి అయిన రాతల్లో పళ్లతో పాటు జ్వరం, విరేచనాలు, ఫిట్స్ అని ఉంది. మన ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు అష్టాంగ హృదయమనే గ్రంథంలో దంతోద్భేదం, అంటే పళ్లు మొలవడం, అన్ని రోగాలకూ కారణమన్నాడు. నెమలికి శిఖ మొలిచేటప్పుడూ, పిల్లలకి పళ్లు వచ్చేటప్పుడూ ఒంట్లో నొప్పెట్టని చోటుండదని పోలిక కూడా చెప్పాడు. అయితే ఆ అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. పళ్ల వల్ల వచ్చే బాధలకి పిల్లల్ని పథ్యాలతో, మందులతో మరీ కట్టడి చేయొద్దు, పన్ను వచ్చాక అవే తగ్గుతాయి అని. మా అమ్మకి ఈ సంగతి చెబితే "వాగ్భటుడికి పిల్లలున్నారా?" అంది.

యూరప్‌లో ఆ మాట చెప్పినవాళ్లు తక్కువ. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే, పన్ను బయటికి రావడానికి చిగురు కోయాలన్నాడు. మూడు వందల ఏళ్లు డాక్టర్లు పసిపిల్లల చిగుళ్లు కోస్తూనే ఉన్నారు. 1839లో ఇంగ్లండ్, వేల్స్ మరణాల లెక్కల్లో 5,016 చావులకి కారణం 'పళ్లు రావడం' అని రాశారు. అన్ని వేలమందిని చంపే శక్తి పంటికి ఎక్కడిది? కిటుకు వయసులో ఉంది. ఆరో నెల దాటేసరికి తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతుంది. అన్నప్రాశన అవుతుంది. పిల్ల పాకుతూ నేల మీదున్నదల్లా నోట్లో పెడుతుంది. జ్వరాలు, విరేచనాలు పట్టుకునేది అప్పుడే, మొదటి పన్ను వచ్చేదీ అప్పుడే. ఇరవై పాలపళ్లు పూర్తయ్యేసరికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది కాబట్టి ఆ మధ్యలో ఏ జబ్బు చేసినా పక్కన ఏదో ఒక పన్ను దొరుకుతుంది, నింద మోయడానికి.

2000లో అమెరికాలో 125 మంది పిల్లల తల్లిదండ్రుల చేత రోజూ లక్షణాలు రాయించి, 475 పళ్ల రాకని లెక్కగట్టారు. కొరకడం, చొంగ, చిగుళ్లు రుద్దుకోవడం, చిరాకు, కొద్దిగా ఒళ్లు వెచ్చబడటం, ఇంతే తేలింది. పెద్ద జ్వరం లేదు, విరేచనాలు లేవు. "పళ్ల విరేచనాలేలే" అని ఓఆర్ఎస్ పట్టకుండా ఊరుకోవడమే, నా లెక్కలో, అన్ని మందులకంటే ప్రమాదం.

ఇక మద్రాసు సంగతి. పార్క్‌టౌన్ రాసప్ప చెట్టి వీధి నాట్టుమరుందు (నాటుమందుల) కొట్లలో వస, కరక్కాయ, మాచికాయ, జాజికాయ, శొంఠి ఇప్పటికీ పసిపిల్లల కోసం కొంటారు. చనుబాలతో సానరాయి మీద అరగదీసి, నాలిక్కి రాస్తారు. తమిళులు దాన్ని ఉరై మరుందు అంటారు. చీకటి పడ్డాక వస పేరెత్తకూడదట, 'పేర్ సొల్లాదదు' అని అడగాలి. 'పేరు చెప్పనిది' ఇమ్మని అడిగితే అంగడివాడు తికమక పడకుండా కట్టిస్తాడు. ఆ వసలోనే బీటా అసరోన్ అనే రసాయనం ఉంటుంది, జాతిని బట్టి ఎక్కువా తక్కువా. ఎలుకల్లో కణుతులు రావడంతో అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1968లో వసని ఆహారంలో వాడకుండా నిషేధించింది. అమ్మ అరగదీసిన కొమ్ము ఏ జాతిదో అమ్మకీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

మన మందా, ఇంగ్లీషు మందా అన్న తగువు కూడా ఈ ఊళ్లో ఒకప్పుడు సర్కారు స్థాయిలోనే జరిగింది. 1921లో మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్యాల సంగతి తేల్చడానికి ఉస్మాన్ కమిటీని వేసింది. 1923లో నివేదిక వచ్చింది, 1925లో దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. అదే కాలంలో మందులమ్మి పేరు తెచ్చుకున్న మద్రాసు తెలుగువాళ్లు తక్కువేం కాదు. అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావుది. స్త్రీలకి లోధ్ర అనే మందు అమ్మిన కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' పత్రిక నడిపారు. చంటిపిల్లల లివరుకి జమ్మి వెంకటరమణయ్య మందు. ఇక గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ చేసింది. మొదట్లో అందులో ఆల్కహాలు ఉండేది. మన దగ్గర దాన్ని అమ్మేది ఈ చెన్నై టీటీకే వాళ్లే. మూడు తరాల నుంచి అమ్మమ్మలు దాన్ని మన మందే అనుకుంటున్నారు.

హోమియో కూడా అలా మనదైపోయిందే. జర్మనీలో హానెమన్ 1796లో మొదలుపెట్టాడు. 1839లో హోనిగ్‌బర్గర్ అనే యూరప్ డాక్టరు లాహోరులో రంజిత్ సింగ్‌కి వైద్యం చేశాడు. గుడివాడలో 1945లోనే హోమియో కాలేజీ వచ్చింది. మా వైపు మాస్టార్లు, పోస్టుమాస్టార్లు సగం మంది హోమియో డాక్టర్లే. నాన్న చెక్కపెట్టెలో అరచేతి వెడల్పు గళ్లలో సీసాలు, మూతల మీద ఎర్ర సిరాతో పేర్లు. గుళికలు కాగితం మీద నాలుగు రాల్చి, చేత్తో తాకకుండా నోట్లో వేసేవారు. పళ్లకి బయోకాంబినేషన్ 21, అంటే కాల్కేరియా ఫాస్, ఫెర్రం ఫాస్ కలిపిన మందు. సంవత్సరాల తరబడి చూసిన నాన్నకి అది పని చేస్తుందనడంలో సందేహం లేదు. పన్ను ఎప్పుడూ వచ్చేది కదా మరి.

అయితే గుళికలు చేసేచోట తేడా వస్తే? అమెరికాలో పళ్ల కోసం అమ్మిన హోమియో బిళ్లల్లో బెల్లడోనా ఉండేది. మన ఉమ్మెత్త కుటుంబపు మొక్కే. 2010లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది, 2016లో మళ్లీ హెచ్చరించింది. 2017లో పరీక్షిస్తే బిళ్లకో రకంగా విషం పాళ్లు తేలాయి, ఆ ఏడే సరుకు వెనక్కి తీసుకున్నారు. అసలు ఏమీ లేకుండా పలచన చేశామనే మందులో ఏదో ఉండటమే నేరమైంది.

మరదలు ఇది విని గెలిచినట్టు చూసింది గానీ, ఆవిడ వైపు చరిత్ర ఇంకా భయంకరం. 19వ శతాబ్దంలో అమెరికాలో పళ్ల సిరప్ అని అమ్మిన 'మిసెస్ విన్స్‌లో' అనే మందులో మార్ఫిన్ ఉండేది. పిల్లలు నిద్రపోయేవాళ్లు, కొందరు లేవలేదు. ఇంగ్లండులో పళ్ల పొడుల్లో పాదరసపు కేలోమెల్ ఉండేది, చేతులూ కాళ్లూ ఎర్రబారి పిల్లలు విలవిల్లాడే 'పింక్ డిసీజ్' దాని వల్లేనని 1940ల్లో తేలింది. 1954లో తీసేశాక ఆ జబ్బే దాదాపు మాయమైంది. 2008లో నైజీరియాలో ఓ పళ్ల సిరప్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఎనభైమందికి పైగా పిల్లలు పోయారు. జెల్‌ల సంగతికొస్తే, రక్తం ప్రాణవాయువు మోయలేని పరిస్థితి వస్తుందని చిగుళ్లకి తిమ్మిరెక్కించే బెంజోకెయిన్ రకాన్ని 2018లో ఎఫ్‌డీఏ రెండేళ్లలోపు వాళ్లకి వద్దంది. అలాంటిదే లిడోకెయిన్ మీద 2014లోనే హెచ్చరిక వచ్చింది. కోలిన్ సాలిసిలేట్ అనే నొప్పి మందు ఉన్నవాటిని బ్రిటన్ 2009లో పదహారేళ్లలోపు పిల్లలకి ఆపేసింది. మన మందుల షాపులో నోటిపూతకి చీటీ లేకుండా ఇచ్చే జెల్‌లలో ఈ సాలిసిలేట్ మామూలే. తమ్ముడు టార్చి వేసి డబ్బా మీది సన్నక్షరాలు చదివాడు. అదే.

పళ్ల నొప్పికని అమ్మే అంబర్ పూసల దండ కూడా ఒకటి ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకున్నారట. 2018లో ఎఫ్‌డీఏ అలాంటి దండలు వద్దంది, నిద్రలో మెడకి చుట్టుకుని ఓ పిల్లాడు చనిపోయాక. దాని గురించి ఇంట్లో తగువు లేదు, కార్ట్‌లోంచి తీసేశారు.

పిల్లల డాక్టర్లు చెప్పేది చప్పగా ఉంటుంది, అందుకే ఎవరికీ ఎక్కదు. శుభ్రమైన వేలితో చిగుళ్లు రుద్దండి. ఫ్రిజ్‌లో చల్లబరిచిన, గడ్డకట్టని రింగు కొరకనివ్వండి. నొప్పి మరీ ఎక్కువైతే బరువు చూసి డాక్టరు చెప్పిన పారసిటమాల్. ఆ రాత్రి చేసింది అంతకంటే తక్కువ. తడిగుడ్డ మూల ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే, దాన్ని నములుతూ ఒంటిగంటకి పడుకుంది.

నాలుగో రోజు పొద్దున పిల్ల స్టీలు గ్లాసుతో నీళ్లు తాగుతుంటే టక్ మని చప్పుడైంది. అమ్మ పరిగెత్తుకొచ్చి, పెదవి కిందికి లాగి చూసింది. పై పన్ను ముందొస్తే మేనమామకి గండం కదా. కిందిదే. బెంగళూరులో ఉన్న తన అన్నకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది మాత్రం మరదలే.