టీవీ సినిమాల్లో కూలే విమానాలు: హ్యాంగర్‌లో పనిచేసేవాడి మాట

నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్ని. టీవీలో విమానం సినిమా వేసిన రాత్రి మా పెద్దమ్మ ఫోన్ తప్పదు. "ఒరేయ్, ఎవడో పైన తలుపు తీసేశాడురా, అందరూ కొట్టుకుపోయారు. మీ విమానాలూ అంతేనా?"

అపోహ: గాల్లో ఎవరైనా తలుపు తీసేయొచ్చు.

వాస్తవం: 35,000 అడుగుల ఎత్తులో లోపలి గాలి తలుపు మీద చదరపు అడుగుకు దాదాపు అర టన్ను బలంతో నొక్కుతుంది. పైగా చాలా తలుపులు ముందు లోపలికి కదిలాకే తెరుచుకుంటాయి. భీముడొచ్చినా కదలదు. నేలకు దగ్గరైతే వేరే సంగతి. 2023 మేలో దక్షిణ కొరియాలో దిగబోతున్న విమానం తలుపును ఒక ప్రయాణికుడు నిజంగానే తెరిచాడు. అప్పటికి ఎత్తు 700 అడుగులే. అందరూ బతికారు.

అపోహ: ఇంజిన్లు ఆగితే విమానం రాయిలా పడుతుంది.

వాస్తవం: పడదు, జారుతుంది. 35,000 అడుగుల ఎత్తు నుంచి 150 కిలోమీటర్ల దాకా పోగలదు. 1983 జులై 23న కెనడాలో ఎయిర్ కెనడా బోయింగ్ 767కి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. కెప్టెన్ పియర్సన్‌కి గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. గిమ్లీ అనే ఊళ్లో పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద దించాడు. ఆ రోజు అక్కడ కార్ల పోటీలు జరుగుతున్నాయి! 69 మందిలో ఒక్కరూ పోలేదు. 1995లో దీన్ని ఫ్లైట్ నంబర్ మార్చి టీవీ సినిమాగా తీశారు.

నాకు ఆ ల్యాండింగ్ కంటే ముందు నేల మీద జరిగిందే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఇంధనం మీటర్లు పనిచేయడం లేదు. ట్యాంకులో ఎన్ని లీటర్లుందో చేత్తో కొలిచి బరువు లెక్కేశారు. కొత్త విమానానికి కావలసింది కిలోల్లో. వాళ్లు గుణించింది లీటరు బరువును పౌండ్లలో చెప్పే 1.77తో, అంటే వచ్చింది పౌండ్లు (పౌండు అంటే అర కిలో కన్నా తక్కువే). దాన్నే కిలోలనుకున్నారు. కావలసిన దాంట్లో సగం కూడా లేకుండా బయల్దేరారు. కాగితం మీద అంతా బాగానే ఉంది.

అపోహ: పైకప్పు లేచిపోతే ఇక అంతే.

వాస్తవం: 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కి 24,000 అడుగుల ఎత్తులో పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ గాల్లోకి కొట్టుకుపోయింది. మిగతా 94 మందితో పైలట్లు 13 నిమిషాల్లో దించారు. దీని మీదా టీవీ సినిమా వచ్చింది.

పైకప్పు ఉన్నట్టుండి ఊడిపోలేదు. ఆ విమానం అప్పటికి చేసినవి దీవి నుంచి దీవికి చిన్న చిన్న ప్రయాణాలు, మొత్తం 89,680. పైకెళ్లిన ప్రతిసారీ బాడీ కాస్త ఉబ్బుతుంది, దిగితే మామూలవుతుంది. రేకుల్ని అతికించిన జిగురు వదిలింది, ఉప్పుగాలికి తుప్పు పట్టింది, రివెట్ల (రేకుల్ని బిగించే మేకుల) దగ్గర సన్నటి పగుళ్లు పుట్టి ఒకదానితో ఒకటి కలిశాయి. తనిఖీల్లో అవి దొరకలేదు. మేం టార్చి, భూతద్దం పట్టుకుని రేకుల మధ్య వెతికేది ఇలాంటి వాటికోసమే. సినిమాలో అది చూపించరు, బోరు కదా.

ఆ రోజు విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసింది. ఎవరికీ చెప్పలేదు. మీకెప్పుడైనా అలాంటిది కనిపిస్తే మొహమాటపడకుండా సిబ్బందికి చెప్పండి. అది ఉత్త గీతే అయినా మేమేమీ విసుక్కోం.