పైరు పచ్చగానే ఉంది, మరి గింజ ఏమైంది?

ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది: "కరవుతో పంట పోయిందంటారు. ఫొటోల్లో చూస్తే పైరు పచ్చగానే ఉంది. మరి పోయిందేమిటి?"

నాకు చాలా నచ్చిన ప్రశ్న. కరవు అనగానే నెర్రెలు విచ్చిన నేల, ఎండిన మోళ్లు కళ్ల ముందు మెదులుతాయి. అది చివరి దశ. నష్టం అంతకు చాలా ముందే, ఆకు అడుగున, కంటికి ఆనని చోట మొదలవుతుంది.

ఆకు అడుగున రంగులేని నెయిల్ పాలిష్ పలచగా రాసి, ఆరాక టేపుతో ఊడదీసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. చిన్న చిన్న పెదాల జంటలు కనిపిస్తాయి. ఇవే పత్రరంధ్రాలు. బడిలో వీటి బొమ్మ గీయించి మార్కులు వేస్తారు గానీ, ఆకు తెచ్చి చూపించేవాళ్లు తక్కువ. ఒక్కసారి చూసిన పిల్లలు మాత్రం జన్మలో మరిచిపోరు. ఈ పెదాలు విచ్చుకుంటేనే కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్తుంది, దానితోనే ఆకు చక్కెర చేసుకుంటుంది. అయితే అదే దారిన లోపలి నీరు ఆవిరై బయటికి పోతుంది.

ఎంత పోతుందో లెక్క వేద్దాం. ఆకు, గాలి రెండూ 30 డిగ్రీల వేడిలో ఉన్నాయనుకోండి. ఆకు లోపలి గాలి తేమతో నిండి ఉంటుంది: ప్రతి పది లక్షల అణువుల్లో సుమారు 42 వేలు నీటివే. బయట అందులో సగం తేమ ఉంటే 21 వేలు. తేడా 21 వేలు. ఇక కార్బన్ డయాక్సైడ్ బయట సుమారు 420, ఆకు లోపల 280 అనుకుందాం. తేడా 140 మాత్రమే. అంటే నీటి తేడా 150 రెట్లు ఎక్కువ. పైగా నీటి అణువు తేలిక కాబట్టి గాలిలో 1.6 రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. గుణిస్తే 240. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు కోసం మొక్క 240 నీటి అణువులు చెల్లిస్తోంది!

ఇప్పుడు వేడిని 40కి పెంచండి. బయటి గాలిలో నీరు పెరగలేదు, అవే 21 వేలు. ఆకు లోపల మాత్రం 73 వేలకు చేరుతుంది. తేడా 52 వేలు. మళ్లీ గుణిస్తే దాదాపు 600. సరుకు అదే, ధర మాత్రం రెండున్నర రెట్లు. వాన లేని రోజుల్లో మబ్బూ ఉండదు, తడి లేని నేల ఊరికే కాగిపోతుంది, దాంతో గాలీ వేడెక్కుతుంది. వేళ్ల దగ్గర నీరు అడుగంటిన రోజుల్లోనే మొక్క అన్నిటికంటే ఎక్కువ ధర కట్టాల్సి వస్తుంది. వాన పడకపోతే ఎవరి పాపమో అని వెతికేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఈ లెక్కలో పాపానికి చోటెక్కడ?

అప్పుడు మొక్క తలుపులు మూసేస్తుంది. నీటి ఎద్దడి తగలగానే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. ఆ పెదాలే రక్షక కణాలు. హార్మోన్ తగలగానే వాటిలోంచి పొటాషియం అయాన్లు బయటికి పోతాయి, వాటి వెంట నీరూ పోతుంది, ఉబ్బి ఉన్న పెదాలు మెత్తబడి మూసుకుంటాయి. నీరు మిగిలింది. కానీ చక్కెర తయారీ మందగించింది. చెమట పట్టని ఒంటిలా ఆకు వేడెక్కుతుంది. చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, లోపల పస్తు.

ఈ పస్తు పూత సమయంలో వస్తే ఇక అంతే. మొక్కజొన్న నీటి విషయంలో పొదుపరి. ఆకు లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను ఇంకా తగ్గించేసి, బయటికీ లోపలికీ తేడా పెంచుకుంటుంది కాబట్టి, వరి, గోధుమలతో పోలిస్తే దాదాపు సగం ధరకే పని కానిస్తుంది. అయినా పూత దగ్గర దెబ్బతింటుంది. పొత్తు చివర వేలాడే పీచు చూశారు కదా, అందులో ఒక్కో పోగూ ఒక్కో గింజది. పుప్పొడి రేణువు పోగు మీద పడి, దాని లోపలే గొట్టం దింపుకుంటూ వెళ్తేనే ఆ గింజ కడుతుంది. పోగు సాగాలంటే కణాలు నీటితో ఉబ్బాలి. నీరు చాలకపోతే పీచు రోజుల తరబడి ఆలస్యమవుతుంది. మొక్క తల మీదుండే మగపూత, అంటే జల్లు, మాత్రం దాదాపు అనుకున్న సమయానికే పుప్పొడి రాల్చేసి, వారం పదిరోజుల్లో పని ముగిస్తుంది. ఆలస్యంగా బయటికొచ్చిన పోగులకు పుప్పొడి దొరకదు. పొత్తు మొదట్లోని పోగులు ముందు వస్తాయి, కొసవి చివర్లో. అందుకే కరవు ఏడాది పొత్తు ఒలిస్తే కొస బోడిగా ఉంటుంది. కట్టిన గింజల్లో కూడా చక్కెర అందనివి కొన్ని అక్కడే ముడుచుకుపోతాయి.

2012లో అమెరికా రైతులు 1937 తర్వాత ఎన్నడూ లేనంత విస్తీర్ణంలో మొక్కజొన్న వేశారు. కరవు సరిగ్గా పూత వేళకు, ఎండలతో కలిసి వచ్చింది. 2009లో ఎకరాకు 4 టన్నులు దాటిన దిగుబడి 3 టన్నుల చిల్లరకు పడిపోయింది. అంతకు రెండేళ్ల ముందు, 2010 వేసవిలో, రష్యాలో గోధుమ ఎండిపోతే ఆగస్టులో ఆ దేశం ధాన్యం ఎగుమతులు ఆపేసింది. కరవు ఛాయలే లేని దేశాల్లోనూ గోధుమ ధర ఎక్కింది.

మనుషులు నదుల నుంచీ భూగర్భం నుంచీ తోడుకునే మంచినీటిలో సుమారు 70 శాతం సాగుకే పోతుంది. ఎద్దడి ఏడాది అందరికీ సరిపడా ఇవ్వలేం. అందుకే నీటి తడులు తెలిసినవాళ్లు, ఒక్క తడికే నీరుంటే దాన్ని దాచి ఉంచి, మొక్కజొన్నకు సరిగ్గా పీచు బయటికొచ్చే ముందు పెడతారు.