పసిపిల్లల కదలికలు: ఇంట్లో వినిపించే అపోహలు, మేము చూసే వాస్తవాలు

హనుమకొండలో పసిపిల్లలకు ఫిజియోథెరపీ చేసే నన్ను తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్న, "పక్కింటి పాప పది నెలలకే నడిచింది, మావాడికి ఏడాది దాటినా అడుగు పడటం లేదెందుకు మేడం?" అనేది. ఏడాదికి నడవకపోతే లోపమేనన్నది అపోహ. మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా సహజమే. ఆ పిల్లల్లో నూటికి నలుగురు చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే నడకకు వచ్చారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే లెక్క కాన్పు జరగవలసిన తేదీ నుంచి మొదలవుతుంది కాబట్టి, రెండు నెలలు ముందు పుట్టిన పది నెలల పాపను ఎనిమిది నెలల పాపగానే చూడాలి.

"వాకర్‌లో వేస్తే తొందరగా నడుస్తాడు" అన్న నమ్మకం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. వాకర్‌లో ఉన్న బిడ్డ పాదాలను ఒక్క నిమిషం చూడండి: మడమ నేలకు ఆనదు, మునివేళ్లతో తన్నుకుంటూ పోతుంది, తూలితే నిలదొక్కుకునే పని నడుముకు బదులు ఆ బండి చేస్తుంది. మెట్ల మీది నుంచి, గడప మీది నుంచి బోల్తాపడే ప్రమాదం ఎంత పెద్దదంటే, కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. నడక పడుతూ లేస్తూ వచ్చే విద్య. అమెరికాలో 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆడుకుంటున్న 12 నుంచి 19 నెలల పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేసి, 17 సార్లు పడ్డారు. పడనివ్వకుండా రోజంతా చంకలో మోసే ఇంట్లో ఆ అభ్యాసం బిడ్డకు ఎక్కడ దొరుకుతుంది?

పరకాల వైపు నుంచి ఒక నాయనమ్మ తొమ్మిది నెలల మనవడిని తీసుకొచ్చింది. పత్తి ఏరే రోజులు కావడంతో బాబు పొద్దంతా చేను గట్టున వేపచెట్టుకు కట్టిన చీర జోలెలోనే ఉండేవాడు. పాములు, తేళ్లు తిరిగే చోట బాబు తల్లి చేసింది తప్పు కాదు, అది జాగ్రత్తే. అయితే బోర్లా పడుకోబెడితే బాబు చేతులు ఛాతీ కింద ఇరుక్కుపోయేవి, పిడికిళ్లు విచ్చుకునేవి కావు, అర నిమిషానికే ఏడుపు అందుకునేవాడు. ఇంట్లో గ్రానైట్ బండ జారుతుంది కాబట్టి దాని మీద కొత్తవాడ జంపఖానా పరిచి, మెలకువగా ఉన్నప్పుడు రోజుకు నాలుగైదుసార్లు కొద్ది నిమిషాలు బోర్లా వేయమని చెప్పాను. నాయనమ్మ బాబుకు ఎదురుగా తానూ బోర్లా పడుకుని స్టీలు గ్లాసు మోగించేది. ఐదు వారాలకు అరచేతులు నేలకు ఆనించి తల పైకెత్తాడు, ఆ తర్వాత పాకాడు. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి.

"బొద్దుగా ఉంటే బలంగా ఉన్నట్లే" అన్న మాట కూడా నిజం కాదు. పుట్టిన కొత్తలో నిలబెట్టి పట్టుకుంటే అడుగులు వేసే పిల్లలు రెండో నెలకల్లా అది మానేస్తారు. కండరం కన్నా కొవ్వు వేగంగా పెరిగి కాళ్లు బరువెక్కడమే కారణమని, అదే బిడ్డను నీళ్లలో నిలబెడితే అడుగులు మళ్లీ వస్తాయని అమెరికా పరిశోధకురాలు ఎస్తర్ థెలెన్ బృందం 1984లో చూపించింది. బొద్దుతనం వెనక రక్తహీనత కూడా దాగి ఉండవచ్చు. ఇనుము తగ్గిన బిడ్డ హుషారుగా కదలదు, కదలకపోతే నేర్చుకోదు. ఆరు నెలలు దాటాక పప్పు నీళ్లతో సరిపెట్టకుండా గట్టిపప్పు మెదిపిన అన్నం, గుడ్డు, మెత్తగా ఉడికించిన కార్జం పెట్టాలి, ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వేయాలి.

నూనె మర్దన బిడ్డకు హాయినిస్తుంది గాని, నేల మీది ఆటకు బదులు కాదు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం మాత్రం ప్రమాదం.

"వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అనే మాటలో కొంత నిజం ఉన్నా, ఆ మాట మీద నెలలు గడిపేయడం మంచిది కాదు. నాలుగు నెలలకు మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిలోపే ఒక్క చేతినే వాడుతున్నా, పద్దెనిమిది నెలలకు నడవకపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి. పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి అంగన్‌వాడీకి వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందానికి చెప్పినా వారు పై స్థాయి వైద్య కేంద్రానికి ఉచితంగా పంపిస్తారు. అప్పటికే వచ్చిన కదలిక ఏదైనా పోతే మాత్రం ఆ బృందం వచ్చేదాకా ఆగకుండా మరుసటి రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.