మూడు తూటాల గ్రూప్ చూసి మురిసిపోకండి: 6 ఎంఎం ఏఆర్‌సీ అపోహలు, వాస్తవాలు

ఈ మధ్య మళ్లీ అదే ఫొటో వచ్చింది. 100 గజాల టార్గెట్ కాగితం, అందులో మూడు రంధ్రాలు, వాటిని పూర్తిగా కప్పేస్తూ ఓ క్వార్టర్ నాణెం. కింద మెసేజ్: "అన్నా, కొత్త 6 ఎంఎం ఏఆర్‌సీ అర అంగుళం కొడుతోంది. ఇక వెయ్యి గజాలకి వెళ్లిపోవచ్చు కదా?" 6 ఎంఎం ఏఆర్‌సీ అంటే ఏఆర్-15 అనే సెమీ ఆటో (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా తర్వాతి తూటా తనే ఎక్కించుకునే) రైఫిల్లో వాడే ఓ తూటా రకం. గ్రూప్ అంటే ఒకే గురికి కాల్చిన రంధ్రాల గుంపు, అన్నిటికంటే దూరంగా ఉన్న రెండింటి మధ్య ఎడమే దాని కొలత.

టెక్సస్‌లో ఓ గన్ షాపులో బ్యారెళ్లు బిగించడం నా పని. వారాంతాల్లో రేంజ్‌లో కొత్తవాళ్లకి నేర్పిస్తుంటాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఈ సరదాలోకి బాగానే దిగుతున్నారు. అందుకే ఇదే ప్రశ్నకి పదేపదే జవాబు చెప్పాల్సి వస్తోంది. ఈసారి రాసి పెడుతున్నాను, అడిగినవాళ్లకి ఇదే పంపిస్తాను.

ఈ తూటా మీద ఇంత మోజు ఎందుకో నాకూ తెలుసు. ఏఆర్-15 మ్యాగజైన్‌లో 2.26 అంగుళాలకి మించిన తూటా పట్టదు. ఆ ఇరుకులోనే సన్నగా, పొడుగ్గా, గాలికి తక్కువగా కొట్టుకుపోయే బులెట్‌ని (తూటాలోంచి దూసుకెళ్లే ముందు భాగాన్ని) ఇమడ్చాలి. 6.5 గ్రెండెల్ అనే పాత తూటా కేస్‌ని (మందు పట్టే లోహపు తొడుగుని) కొంచెం కురచ చేసి, మెడ బిగించి 2020లో హార్నడీ అనే తూటాల కంపెనీ తెచ్చిందే 6 ఎంఎం ఏఆర్‌సీ. ఏఆర్-10 లాంటి పెద్ద రైఫిల్ బరువు మోయకుండా దూరం కొట్టాలనుకునేవాళ్లకి మంచి తూటానే. నా కంప్లయింట్ తూటా మీద కాదు, దాన్ని పరీక్షించే పద్ధతి మీద.

అపోహ: మూడు తూటాలూ ఒకే చోట పడ్డాయంటే రైఫిల్, తూటా రెండూ సూపర్

జనం జేబుకి ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. నిజమే, కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి. రైఫిల్ సంగతి అలా కాదు. ప్రతి తూటాలో మందు బరువు వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది, బులెట్ తేడాగా ఉంటుంది, మీ భుజం ఆనించిన తీరు మారుతుంది, బ్యారెల్ వేడి మారుతుంది. మూడే కాల్చి ఆపితే ఆ తేడాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బుద్ధిగా ఒకచోట పడొచ్చు. దాన్ని అదృష్టం అంటారు.

లెక్క కూడా చెబుతాను. ఒకే రైఫిల్, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలు, వరసగా మూడేసి చొప్పున కాలుస్తూ పోతే ఒక గ్రూప్ అర అంగుళం, తర్వాతది అంగుళంన్నర రావడం మామూలు విషయం. మధ్యలో ఏదీ పాడవలేదు, ఏదీ బాగుపడలేదు. అదే రైఫిల్‌తో పదేసి కాలిస్తే గ్రూప్ సగటున మూడు తూటాల గ్రూప్ కంటే ఒకటిన్నర రెట్లకి పైనే వస్తుంది. అంటే ముప్పావు అంగుళం రైఫిల్ అని మీరు చెప్పుకునేది నిజానికి అంగుళం పావు దగ్గర ఉంటుంది. దీనికి రైఫిల్ తప్పేం లేదు.

గుంటూరు వైపు తమ్ముడొకడు ఉన్నాడు. ఐటీ ఉద్యోగం, మంచి పిల్లాడు. ముచ్చటపడి చాలా తేలికైన ఏఆర్ కట్టించుకున్నాడు, సన్నటి 18 అంగుళాల బ్యారెల్‌తో. నాలుగు రకాల మ్యాచ్ (పోటీల కోసం చేసే) తూటాలు కొని, ఒక్కోటీ మూడేసి కాల్చి, ఎక్సెల్‌లో ర్యాంకులు వేశాడు. ఫస్ట్ వచ్చిన రకం ఒక పెద్ద అట్టపెట్టె మొత్తం ఆర్డర్ పెట్టాడు. మరుసటి వారం అదే రకం లాస్ట్ వచ్చింది. బ్యారెల్ పాడైపోయిందని కంగారుపడి, కొత్త బ్యారెల్ బిగించమని షాపుకొచ్చాడు. రాత్రి నిద్ర కూడా పట్టలేదట.

బ్యారెల్ అమ్ముకుంటే షాపుకి లాభమే. అయినా ముందు రేంజ్‌కి పద అన్నాను. పది తూటాలు మ్యాగజైన్‌లో పెట్టించి, స్కోప్‌లో రంధ్రాలు చూసుకోవద్దని, అడవి పందుల వేటలో కాల్చే వేగంతోనే కాల్చమని చెప్పాను. మొదటి నాలుగూ గుత్తిగా పడ్డాయి. అయిదోది కాస్త కుడికి. ఏడు దాటాక బ్యారెల్ మీద ఎండమావిలా వేడి లేస్తోంది, రంధ్రాలు మెల్లగా పైకి, కుడికి జరుగుతున్నాయి. చివరికి కొలిస్తే 1.4 అంగుళాలు. "ఆ ఎనిమిదోది ఫ్లయర్, దారితప్పింది అన్నా, లెక్కలోకి రాదు" అన్నాడు. ఎందుకు రాదు? ట్రిగ్గర్ నొక్కావు, అక్కడికి వెళ్లింది, వస్తుంది.

మొహం వాడిపోయింది పాపం. కానీ అంత సన్నటి బ్యారెల్ ఉన్న తేలికపాటి సెమీ ఆటోకి పది తూటాల్లో 1.4 అంగుళాలు చెడ్డ ఫలితమేం కాదు. 300 గజాల్లో అది నాలుగు అంగుళాల చిల్లర, అడవి పందికి చాలు. వెయ్యి గజాల్లో మాత్రం 14 అంగుళాలు దాటుతుంది, గాలి తప్పు, మన తప్పు ఇంకా కలపకుండానే. ఆ సంగతి తెలిశాక బ్యారెల్ మార్చలేదు, తూటాల మీద ఇంకో డాలర్ తగలేయలేదు.

కాబట్టి కొత్త తూటాని చూడాలంటే పదికి తగ్గకుండా కాల్చండి. ఇంకో రోజు మళ్లీ పది. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, గురిపెట్టిన చుక్కలు కలిపి, ఇరవై రంధ్రాలూ కలిపి చూడండి. చల్లటి బ్యారెల్‌తో వేసిన మొదటి తూటా ఎక్కడ పడిందో పక్కన రాసుకోండి, వేటలో పనికొచ్చేది అదే. రెండు రకాల మధ్య తేడా అరపావు అంగుళం ఉంటే అది తేడా కాదు, చవగ్గా, ఎప్పుడూ దొరికేది కొనుక్కోండి. క్రోనోగ్రాఫ్ (బులెట్ వేగం కొలిచే పరికరం) అంకెలకీ ఇదే వర్తిస్తుంది. అయిదు తూటాలకి వచ్చిన ఎస్‌డీని (వేగాలు ఎంత అటూఇటూ అవుతున్నాయో చెప్పే అంకెని) వాట్సాప్ గ్రూపుల్లో పోస్ట్ చేసి మురిసిపోవడం మానేయండి.

అపోహ: పెట్టె మీద రాసిన వేగమే నా రైఫిల్‌కీ వస్తుంది

రాదు. 108 గ్రెయిన్ (బులెట్ బరువు కొలత) మ్యాచ్ తూటాకి రాసిన సెకనుకి 2,750 అడుగుల వేగం 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌ది. 18 అంగుళాల బ్యారెల్‌లో వంద నుంచి నూటయాభై అడుగులు పోయిందనుకోండి, గురి లెక్కలు కట్టే యాప్‌లో మాత్రం 2,750 అనే కొట్టారనుకోండి, వెయ్యి గజాల్లో బులెట్ గజం దాకా కిందపడుతుంది. తర్వాత స్కోప్‌ని తిట్టుకుంటారు. మీ బ్యారెల్ వేగం మీరే కొలుచుకోండి. .224 వాల్కిరీ అనే ఇంకో ఏఆర్-15 తూటా వచ్చినప్పుడూ ఇదే గోల. 1,300 గజాల దాకా సూపర్‌సానిక్ (ధ్వని కంటే వేగం) అన్న ప్రచారం చూసి కొన్నవాళ్లలో చాలామందికి 90 గ్రెయిన్ బులెట్‌తో గ్రూపులే రాలేదు.

అపోహ: మామూలు ఏఆర్-15ని ఈ తూటాకి మార్చాలంటే బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు

బోల్ట్ (కాల్చేటప్పుడు తూటాని వెనక నుంచి బిగించి పట్టే భాగం), మ్యాగజైన్ కూడా మారాలి. కేస్ అడుగు లావు కాబట్టి మామూలు ఏఆర్-15 తూటా 5.56 కోసం చేసిన బోల్ట్‌లో కూర్చోదు. గ్రెండెల్ తరహా బోల్ట్‌లలోనే ముఖం (కేస్ అడుగు కూర్చునే గుంట) లోతు 0.125, 0.136 అంగుళాలని రెండు రకాలు తిరుగుతున్నాయి. బ్యారెల్ కొన్నచోటే దానికి సరిపడే బోల్ట్ కొని, హెడ్‌స్పేస్ (తూటా బ్యారెల్‌లో కూర్చున్నాక బోల్ట్‌తో ఉండే ఎడం) చెక్ చేయించుకోండి. ఇందులో పిసినారితనం వద్దు.

అపోహ: ఈ బోల్ట్‌లు మొహం మీద పేలిపోతాయి

వాట్సాప్ పుకార్లకి భయపడి రైఫిల్ అమ్మేసినవాళ్లున్నారు. బోల్ట్ ముఖం వెడల్పు చేస్తే చుట్టూ లోహం పల్చబడుతుంది, అది నిజం. అందుకే ఈ తూటా ప్రెషర్ పరిమితిని 52,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఆపారు. ఏఆర్-15లో మామూలుగా వాడే .223 తూటాకి అది 55,000. ఫ్యాక్టరీ తూటాలు, మంచి బోల్ట్, శుభ్రం చేసినప్పుడల్లా లగ్స్ (బోల్ట్‌ని బిగించి ఉంచే పళ్లు) దగ్గర పగుళ్లున్నాయేమో ఓ చూపు, ఇంతే, టెన్షన్ వద్దు. రీలోడింగ్ చేసేవాళ్లు (సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు) మాత్రం బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగే) రైఫిళ్ల కోసం ఇచ్చిన మందు లెక్కల్ని సెమీ ఆటోలో వాడకండి. లగ్స్ విరిగి నా బల్ల మీదకి వచ్చినవాటిలో ఎక్కువ ఆ బాపతే.

గ్రెండెల్ పని అయిపోయిందా అని అడుగుతారు. అవలేదు. ఉంటే అదే వాడుకోండి.

అపోహ: అడవి పందుల వేటకి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి హెచ్-1బీ వాళ్లకీ అక్కర్లేదు

ఇది తూటా సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. టెక్సస్‌లో 2019 నుంచి యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో అడవి పందుల వేటకి హంటింగ్ లైసెన్స్ అవసరం లేదు. సిటిజన్ ఫ్రెండ్ ఇది చెప్పగానే మనవాడు లైసెన్స్ మానేస్తాడు. కానీ ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడమే నేరం. దానికున్న కొద్దిపాటి మినహాయింపుల్లో చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఒకటి. పందికి అక్కర్లేని ఆ కాగితం మీకు కావాలి. టెక్సస్ లైసెన్స్ ఏడాదిలో ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న రెన్యూ చేయకుండా రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా పొజెషన్ (తుపాకీ కలిగి ఉండటం) కిందికే వస్తుంది. గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్లకి ఈ గొడవ లేదు. మీ స్టేటస్ మీద ఏ కొంచెం డౌటున్నా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, బ్యారెళ్లు బిగించే నన్ను కాదు.