ఏడింటి మీటింగు తెల్లారికి ఎందుకు మారింది

నెల్లూరు జిల్లా కలిగిరి వైపు మా ఊళ్లో పొదుపు సంఘం మీటింగు ఇప్పుడు తెల్లారి ఆరున్నరకి పెడుతున్నారు. ఇదివరకు రాత్రి ఏడింటికి ఉండేది. లీడరు ఇంటి వసారాలో చాప పరిచి రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చుంటే పది మందిలో నలుగురు వచ్చేవాళ్లు. మిగతావాళ్ల కోసం పిల్లల్ని పంపితే, "మా అమ్మ సీరియల్ అయినాక వస్తానంటా ఉందక్కా" అని కబురు. అది అయినాక ఇంకోటి మొదలు. రెండేళ్లు చూసి చూసి టైమే మార్చేశారు. పొగాకు గ్రేడింగుకి పోయే ఆటో ఏడింటికల్లా వచ్చి హారన్ కొడుతుంది కాబట్టి అన్నీ అరగంటలో ముగించాలి. కిస్తీ కట్టు, సంతకం పెట్టు, లేచిపో.

చిన్న సంగతే అనిపిస్తుంది. కానీ రాత్రి ఏడింటికి ఆడవాళ్లు ఒకచోట కూర్చోవడం అనేదానికి ఈ జిల్లాలో పెద్ద చరిత్ర ఉంది. అది తెలిస్తే ఈ టైము మార్పు అంత తేలిగ్గా మింగుడుపడదు.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. పగలంతా కూలికి పోయి, వచ్చి పొయ్యి రాజేసి, పిల్లలకి ఇంత పెట్టి, ఏడూ ఎనిమిదింటికి ఆడవాళ్లు పలక పట్టుకుని రాత్రి బడికి వెళ్లేవాళ్లు. కళాజాతా బృందాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటకాలు వేశాయి. అక్షరాలు దిద్దుతూ ఆ ఆడవాళ్లు మాట్లాడుకున్నది మాత్రం ఇంటి బాధలు, అందులో ముందు సారా. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కలిసి సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ సంగతి "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. ఒక ఊళ్లో జరిగింది ఇంకో ఊరి రాత్రి బడిలో చదువుకున్నారు, 1992 నాటికి జిల్లా అంతా కదిలింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే, సారాకి పోని డబ్బుని రోజుకో రూపాయి చొప్పున దాచుకుందామని పొదుపు లక్ష్మి సంఘాలు ఇదే జిల్లాలో పుట్టాయి. మా ఊరి సంఘానికీ మూలం అదే.

ఇంత పని ఏ టీవీ ప్రచారం లేకుండా జరిగింది. పలక, పాట, వీధి దీపం, కూర్చోవడానికి ఒక గంట తీరిక. అవే సరిపోయాయి.

అట్లాగని అప్పటికి టీవీ లేదని కాదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో మన రాష్ట్రం ఒకటి. ఊరికి ఒకే పెట్టె. దాన్ని అందరికీ కనపడేచోట పెడితే జనం నేల మీద కూర్చుని సేద్యం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు చూశారు. మన పల్లెల కోసం టీవీని మొదట ఊహించింది అట్లా, చావిడిలాగా ఊరుమ్మడిగా. ఆ ఊహ ఏడాదితోనే ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత వచ్చింది ఇంటి టీవీ. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న, హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలయ్యాయి. తడ, సూళ్లూరుపేట వైపు వాళ్లకి మద్రాసే దగ్గర. యాంటెన్నా దక్షిణానికి తిప్పి శుక్రవారం అరవ సినిమా పాటలు చూస్తూ పెరిగిన తరం అక్కడ ఉంది. 1982లో రంగుల టీవీ వచ్చింది. 1983 ఆగస్టులో టీవీ ప్రసారాలకి పనికొచ్చే ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకెళ్లింది. శ్రీహరికోట మన పక్కనే ఉన్నా, అంత బరువు మోసే రాకెట్ అప్పటికి మన దగ్గర లేక దాన్ని అమెరికా స్పేస్ షటిల్‌లో పంపారు. మన కోట నుంచి జీశాట్-1 ఉపగ్రహం లేవడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గొంతుతో తెలుగు వార్తలు మొదలయ్యాయి. ఎదురుగా తెర మీద అక్షరాలు నడిపించే యంత్రం లేని రోజుల్లో వార్తలు బట్టీపట్టి చెప్పేవారాయన. 1984లో కొన్ని నెలలపాటు దేశంలో రోజుకొకటి లెక్కన ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు.

1987 జనవరి 25న రామాయణం మొదలయ్యేనాటికి మా ఊళ్లో టీవీలు రెండే. ఒకటి ఆర్‌ఎంపీ డాక్టరు ఇంట్లో, ఇంకోటి రైసుమిల్లు వాళ్లింట్లో. రైసుమిల్లు వాళ్లది చెక్క తలుపులున్న డయనోరా. ఆదివారం పొద్దున తలుపులు తీసేముందు ఆ ఇంటి అవ్వ పెట్టెకి పసుపు, కుంకుమ పెట్టి హారతి ఇచ్చేది. లోపల చాపల మీద కొందరు, గడపలో కొందరు, కిటికీ ఊచలు పట్టుకుని మేము. మాటలు హిందీ. అక్కడున్న ఒక్కరికీ హిందీ రాదు. కానీ కథ అందరికీ వచ్చు. తోలుబొమ్మలాటలో, హరికథలో ఎన్నిసార్లు విన్నారో! "ఇప్పుడు శూర్పణఖ వస్తాది చూడండి" అని మా తాత ముందే చెప్పేవాడు, వచ్చేది. అరగంట అయిపోయాక ఎవరూ వెంటనే లేచేవాళ్లు కాదు. కైకేయి చేసింది తప్పా ఒప్పా అని అక్కడే ఒక పంచాయతీ నడిచేది. టీవీ వచ్చిన తొలి ఏళ్లలో మనుషుల్ని విడదీయలేదు, పోగేసింది. కిటికీలో నిలబడినవాళ్లని లోపలికి రానిచ్చారా లేదా అన్నది వేరే సంగతి, అందులో కులం కూడా ఉంది. కొందరం ఊచలు పట్టుకునే కథ మొత్తం చూశాం.

ఇది మారింది కేబుల్‌తో. 1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో నగరాల్లో డిష్ యాంటెన్నాలు లేచాయి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి, కేబుల్‌కి చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. పట్నంలో వీడియో డెక్కు అద్దెకిచ్చే కుర్రాళ్లే చాలామంది కేబుల్ ఆపరేటర్లయ్యారు. కరెంటు స్తంభాల మీదుగా నల్ల తీగ పల్లెల్లోకి పాకింది. 2001 జనాభా లెక్కల్లో దేశంలో 31.6 శాతం ఇళ్లలో టీవీ ఉంటే, 2011కి అది 47.2 శాతం. అదే పదేళ్లలో రేడియో ఉన్న ఇళ్లు 35.1 నుంచి 19.9 శాతానికి పడిపోయాయి. రైసుమిల్లు వాళ్లింటి కిటికీ దగ్గరికి ఇక ఎవరూ పోలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి తలుపు వాళ్లు వేసుకుని.

అందులో మంచి లేదని నేను అనను. 1996లో మన నెల్లూరు బాలు ఈటీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టాక పాట నేర్పమని పిల్లల్ని తీసుకెళ్లే ఇళ్లు మా వైపు కూడా కనిపించాయి. తుపాను పటంలో ఆ తెల్లటి సుడి ఎక్కడుందో, వేటకి పోవచ్చో లేదో, తీరం వాళ్లు టీవీ చూసి తేల్చుకోగలిగారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవాళ్లకి ఆ బొమ్మ విలువ తెలుసు. ఇంకో సంగతి: రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలో కేబుల్ కొత్తగా వచ్చిన పల్లెల్ని, రాని పల్లెల్ని పోల్చి 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లు చూసిన రాష్ట్రాల్లో పక్కనున్న తమిళనాడు ఒకటి. కేబుల్ వచ్చిన ఊళ్లలో మగబిడ్డే కావాలనే కోరిక, మొగుడు కొడితే తప్పులేదనే మాట ఆడవాళ్లలో తగ్గాయని తేలింది. సీరియళ్లని ఒక్కమాటతో తీసిపారేసేవాళ్లు ఇది చదవాలి. రోజు మొత్తంలో ఒక ఆడమనిషి ఎవరికీ సమాధానం చెప్పకుండా కాళ్లు చాపుకుని కూర్చునేది ఆ అరగంటే అయితే, ఆ అరగంటని తప్పుపట్టే హక్కు మనకెక్కడిది? మగవాళ్లు అంతకు చాలా ముందే టీకొట్టుకీ బ్రాందీషాపుకీ వెళ్లిపోయారు.

నా ఫిర్యాదు ఆడవాళ్ల మీద కాదు, ఆ గంటని అమ్ముకునే లెక్క మీద. నిబంధన ప్రకారం గంటకి పన్నెండు నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. ఆ నిమిషాల ధర నిలబడేది టీఆర్‌పీ మీద, అంటే ఎంతమంది చూస్తున్నారో చెప్పే రేటింగు మీద. 2020 నాటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు. రేటింగు కొలిచే మీటర్లు ఉన్నవి 44 వేల ఇళ్లలో. వారం వారం అక్కడ తేలిన అంకెల్ని బట్టి ఏ పెళ్లి ఆగాలో, ఏ అత్త విషం కలపాలో నిర్ణయమవుతుంది. రేపు ఏమవుతుందో అన్న దిగులు దగ్గర ఎపిసోడ్ ఆగాలి, లేకపోతే రేపు మనిషి తిరిగి రాదు. 1984లో మొదలైన తొలి హిందీ సీరియల్ హమ్ లోగ్‌ని కుటుంబ నియంత్రణ వంటివి జనానికి చెప్పడానికే తలపెట్టారు. కథని కొంచెం కొంచెంగా చెప్తే మనిషి కట్టుబడతాడన్న కిటుకు అప్పుడే తెలిసింది. కిటుకు మిగిలింది, చెప్పాల్సిన మాట జారిపోయింది.

సీరియళ్లు లేని నెలలు కూడా ఒకసారి వచ్చాయి. రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే తేలింది. అదే నెలలో షూటింగులు ఆగిపోయాయి, పాత రామాయణం మళ్లీ వేశారు. మా పిల్లలు దాన్ని చూడలేదు. 2016లో జియో వచ్చాక వాళ్లకి టీవీ అంటే నాయనమ్మ వస్తువు. తర్వాత నెలకి 149 రూపాయల ప్రభుత్వ ఇంటర్నెట్, ఫైబర్‌నెట్ వచ్చింది. అదే స్తంభాల మీద అదే కుర్రాళ్లు కొత్త తీగ లాగారు. ఇప్పుడు ఒకే ఇంట్లో అవ్వ టీవీ ముందు, కోడలు వంటింట్లో ఫోన్‌లో నిన్నటి ఎపిసోడ్, కొడుకు మేడ మీద, మనవడు మంచం కింద. రొయ్యల గుంట గట్టు మీద కాపలా గుడిసెలో మా బాబాయి కూడా ఏరియేటర్ల చప్పుడు మధ్య చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉంటాడు. సీరియల్ కనీసం వీధి మొత్తానికి ఒకటే కథ ఉండేది. పొద్దున పంపు దగ్గర దాని గురించి తిట్టుకోవడానికైనా నలుగురు దొరికేవాళ్లు.

మా పెద్దమ్మ సంతకం నేర్చుకుంది రాత్రి బడిలోనే. ఇప్పుడు టీవీలో అడుగున నడిచే అక్షరాలు అవి పరిగెత్తేలోపు కూడబలుక్కుంటుంది, సగం చదివేసరికి మిగతా సగం వెళ్లిపోతుంది. మొన్న మీటింగుకి ఆమెతో పాటు నేనూ వెళ్లాను. ఆరు ముప్పై అయిదుకి మొదలైంది. బ్యాంకు లోను సంగతి ఒకామె ఎత్తింది. బ్రాందీషాపు ఊరికి దగ్గరగా వస్తుందట, ఏం చేద్దాం అని ఇంకొకామె అడిగింది. సరిగ్గా అప్పుడే బయట ఆటో హారన్ కొట్టింది. పెద్దమ్మ రిజిస్టరు తన వైపు తిప్పుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టి సంతకం పూర్తిచేసింది. ఆటోవాడు రెండోసారి హారన్ కొట్టాడు.