ముఖం చూపించని గ్రీన్ టర్టిల్

1944లో అమెరికాలో 'బ్లేజింగ్ కామిక్స్' అనే పత్రిక మొదలైంది. అందులో గ్రీన్ టర్టిల్ అనే సూపర్‌హీరో ఐదు సంచికల్లో కనిపించి మాయమయ్యాడు. సూపర్‌మ్యాన్ 1938లో హిట్టయ్యాక అలా వచ్చి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఇతని పేజీలు తిరగేస్తుంటే ఒకటి పట్టి లాగుతుంది: హీరో మనవైపు తిరగడు. దాదాపు ప్రతి బొమ్మలోనూ వీపే కనిపిస్తుంది, లేదంటే కేప్ అడ్డమొస్తుంది, గుద్దడానికి చెయ్యెత్తితే ఆ చెయ్యి సరిగ్గా ముఖానికే అడ్డుపడుతుంది. ముసుగు వేసుకున్న మనిషికి ఇంత దాపరికం ఎందుకు?

బొమ్మలు వేసింది చూ హింగ్. అమెరికన్ కామిక్స్‌లో పనిచేసిన తొలితరం చైనా సంతతి చిత్రకారుల్లో ఒకరు. కథ నడిచేది చైనాలో, యుద్ధం జపాన్ సైన్యంతో. తన హీరో కూడా చైనా మనిషే కావాలని హింగ్ అడిగితే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదని, అందుకే ఆయన ముఖమే గీయడం మానేశాడని ఒక మాట ప్రచారంలో ఉంది. రాతపూర్వకమైన రుజువు లేదు. అయినా నాకు నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే హీరో చర్మానికి మాత్రం పక్కనున్న చైనావాళ్లెవరికీ లేనంత గాఢమైన గులాబీ రంగు పులిమారు.

అప్పటి వాతావరణం కూడా అలాంటిదే. చైనా కూలీల రాకను ఆపేస్తూ 1882లో చేసిన చట్టం 1943 డిసెంబర్‌ దాకా బతికే ఉంది. యుద్ధంలో చైనా మిత్రదేశం కాబట్టి రద్దు చేశారు కానీ, ఏడాదికి 105 మందికే అనుమతి ఇచ్చారు! కామిక్స్‌లోనూ చైనావాళ్లంటే ఎక్కువగా విలన్లే, 1937లో వచ్చిన 'డిటెక్టివ్ కామిక్స్' మొదటి సంచిక అట్ట మీద ఉన్నది అలాంటి ముఖమే.

ఇంకో సంగతి. నువ్వు గ్రీన్ టర్టిల్ ఎలా అయ్యావని శిష్యుడు బర్మా బాయ్ అడుగుతాడు, ఇతను చెప్పబోతాడు, అంతలో ఏదో ప్రమాదం ముంచుకొస్తుంది. ఆ కథ హింగ్ చేత పూర్తి కాలేదు.

పాత్రకు కాపీరైట్ మిగల్లేదు కాబట్టి 2014లో రచయిత జీన్ లువెన్ యాంగ్, చిత్రకారుడు సోనీ లియూ 'ది షాడో హీరో' అనే బొమ్మల నవలలో ఆ కథ చెప్పారు. అందులో అతను చైనాటౌన్ కుర్రాడు, పేరు హాంక్ చూ. పుస్తకం చివర 1944 నాటి మొదటి కథను కూడా అచ్చేశారు.