ముందు వచ్చింది మనం కదా తాతా!

చిట్టీ, పండూ,

ఉప్పల్ నుంచి మీ తాత రాస్తున్నాను. మొన్న ఫోన్‌లో చిట్టి అడిగిన ప్రశ్నకు జవాబు మొదలుపెట్టానో లేదో, ట్యూషన్‌కు టైమయిందని మీ అమ్మ ఫోన్ తీసేసుకుంది. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది, అలా వదిలేయబుద్ధి కాలేదు, అందుకే కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చదివాక మియాపూర్‌లో మీ క్లాసు పిల్లలకు కూడా వినిపించండి, వాళ్లలో చాలామంది ఊరి దవాఖాన లోపలికి వెళ్లి ఉండరు.

చిట్టి అడిగింది ఇది. "దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు తమ్ముడికి జ్వరమని దవాఖానకు తీసుకెళ్లాం కదా తాతా, మన చీటీ నంబర్ 23, ముందు వచ్చింది మనం, మరి చాలా వెనక వచ్చిన ఆ ముసలి తాతను మనకంటే ముందు ఎందుకు పంపారు? పంపినాక కూడా ఆయన రక్తం ఒక గాజు గొట్టంలో పోసి అందరూ ఊరికే గడియారం చూస్తూ ఎందుకు కూర్చున్నారు? అసలు హైదరాబాద్‌లో ఇన్ని పెద్ద హాస్పిటళ్లు ఉంటే అంత చిన్న దవాఖానకు ఎందుకు పోయాం?"

ఇవి మూడు ప్రశ్నలు బిడ్డా. మూడింటికీ మన ఊరి చెరువు దగ్గరే జవాబు ఉంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మన చెరువుకు ఒక నీరడి ఉండేవాడు. ఊరంతా తాత అనే పిలిచేవాళ్లం. భుజం మీద పార, రాత్రయితే చేతిలో కందిలి. తూము ఎంత ఎత్తాలి, ఏ కాలువకు ఎంతసేపు వదలాలి, అంతా ఆయన చూసుకునేవాడు. ఆయకట్టు కింద ఎవరి మడిలో ఇసుక ఎక్కువ, ఎవరిది నీళ్లు పట్టి ఉంచే నల్లమట్టి, ఎవరు గట్లు సరిగ్గా పెట్టుకోరు, ఇవన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఒక ఏడాది వానలు సరిగ్గా లేవు. చెరువులో నీళ్లు తూము అంచుకు దిగిపోయాయి. వంతు ప్రకారం ఆ రోజు నీళ్లు మాకు రావాలి. ఆయనేమో మా తర్వాత వచ్చిన ఒకాయన పొలానికి తిప్పేశాడు. మా నాయన కోపంగా పోయాడు, నేను వెనకే పరుగెత్తాను. నీరడి తాత ఒక్క మాట కూడా అనకుండా మా నాయన చెయ్యి పట్టుకుని ఆ పొలంలోకి తీసుకెళ్లాడు. వరి పొట్ట మీద ఉంది, కింద నేల నెర్రెలు బారింది. ఆయన వంగి తన చూపుడువేలు ఆ నెర్రెలో పెట్టాడు. రెండో కణుపు దాకా దిగిపోయింది. తర్వాత మా మడికి వచ్చి అక్కడ కూడా వేలు పెట్టి చూపించాడు, వేలికి తడి అంటింది. మా నాయన ఏమీ అనలేదు, పార అందుకుని ఆ పొలం కాలువలో అడ్డంపడ్డ చెత్త తీయడం మొదలుపెట్టాడు.

ఆ దవాఖానలో డాక్టరమ్మ చేసింది కూడా వేలు పెట్టి చూడడమే. ఆ ముసలాయనను వరి చేలో పాము కరిచింది. మోకాలి కింద తాడు బిగించి కట్టుకుని కొడుకు బండి మీద వచ్చాడు, పాదం వాచి నిగనిగలాడుతోంది, మీరు దూరంగా ఉన్నారు కాబట్టి చూడలేదు. ఆమె ముందు చేతికి సెలైన్ సూది పెట్టి, తర్వాతే ఆ తాడును కొంచెం కొంచెంగా వదులు చేసింది, ఒక్కసారిగా విప్పలేదు. అసలు అలా బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాలు కదపకుండా తొందరగా దవాఖానకు చేర్చాలి, అంతే. ఊళ్లో నీ ఈడు పిల్లలకు ఇది చెప్పు చిట్టీ, సినిమాల్లో చూసింది నిజమనుకుంటారు.

ఇక ఆ గాజు గొట్టం. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు గొట్టంలో ఆయన రక్తం కొంచెం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. గాజు తగిలితే మామూలు రక్తం గడ్డకట్టే పని మొదలుపెడుతుంది, అందుకే ప్లాస్టిక్‌ది పనికిరాదు. 20 నిమిషాల తర్వాత సిస్టరమ్మ దాన్ని మెల్లగా వంచింది. గడ్డ కట్టి ఉంటే కదలదు. అది నీళ్లలా జారింది. అంటే పింజర జాతి పాము విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తోందని తెలిసిపోయింది. నాగుపాము, కట్లపాము అయితే వేరే దారి, వాటి విషం నరాల మీద పడుతుంది, రెప్పలు వాలిపోతాయి, రక్తం మామూలుగానే గడ్డ కట్టవచ్చు, అందుకే కళ్లు కూడా చూశారు. మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసే నాలుగు రకాల పాముల విషానికీ కలిపి ఒకటే విరుగుడు మందు ఉంటుంది. అది సెలైన్‌లో ఎక్కించారు, తర్వాత 108 వచ్చి ఆయనను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. (ఆ 108 మన హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది, నాకు బాగా గుర్తు.) ఎక్కడో పల్లెలో, ఫ్యాన్ కిర్రుమంటున్న గదిలో, ఒక గాజు గొట్టం, ఒక గోడ గడియారంతో ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో కనిపెట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పెద్దాసుపత్రి అన్నాను కదా, మళ్లీ చెరువు దగ్గరకే వస్తున్నాను. మన దగ్గర చెరువులు ఒంటరిగా ఉండవు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా కట్టారు, పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఇంకో దానికి. మొన్న మత్తడి కింద చెప్పులు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు మీరిద్దరూ, ఆ నీళ్లు అక్కడితో ఆగలేదు, మూడు ఊళ్లు దాటి పోయాయి. వైద్యం కూడా అలాగే కట్టారు. సుమారు 5 వేల మందికి ఒక ఉపకేంద్రం, అక్కడ ఏఎన్‌ఎమ్ అమ్మ, అంటే ఊళ్లు చూసుకునే నర్సమ్మ, ఉంటుంది. సుమారు 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మనం వెళ్లింది అదే. దాని చేతిలో కానిది ఏరియా ఆసుపత్రికి, అక్కడా కానిది ఉస్మానియాకో గాంధీకో. ఆశా అక్క ఉంది చూడు, ఇంటింటికీ తిరిగి ఎవరికి జ్వరం, ఎవరికి నెలలు నిండాయి అని రాసుకునేది, ఆమె కట్టకు గండి పడుతోందని నీరడి దగ్గరికి ముందుగా పరుగెత్తేది. ప్రతి చినుకూ నేరుగా కింది పెద్ద చెరువుకే పోతానంటే పై ఊళ్లు ఎండిపోతాయి, ఆ పెద్ద కట్ట తెగిపోతుంది. జలుబుకు, తలనొప్పికి మనం నేరుగా నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి పరుగెత్తితే, నిజంగా ప్రాణం మీదికి వచ్చి ఆదిలాబాద్ నుంచి వచ్చిన పసివాడు మన వెనక లైన్లో నిలబడాలి.

ఇప్పుడు పండు సంగతి. పండూ, నీ మీద కోపం లేదు నాన్నా, కానీ రాయక తప్పదు. నిన్ను తీసుకెళ్లింది జ్వరానికి. డాక్టరమ్మ గొంతు చూసింది, ఛాతీ విన్నది, జలుబు జ్వరమే, పారాసిటమాల్ చాలు, మూడు రోజుల్లో తగ్గకపోతే మళ్లీ రండి అంది. ఇంజెక్షన్ వేయలేదేమిటని మీ అమ్మకు టెన్షన్. వైరస్‌తో వచ్చే జలుబు మీద యాంటీబయాటిక్ పని చేయదు, అవసరం లేని మందు ఇవ్వకుండా పంపించే డాక్టర్ దొరకడం మన అదృష్టం. అంతలో సిస్టరమ్మ నీ కాలి సాక్సు కిందికి లాగింది. ముల్లు గీరిందని చెప్పావు. ఆమె నీ ముందు కింద కూర్చుని, "ముల్లు గీరితే ఒక గీత పడుతుంది బిడ్డా, పక్కపక్కన నాలుగు పడవు" అంది. అప్పుడు ఏడ్చేశావు. ముందు రోజు సాయంత్రం పక్కింటి దొడ్లో కుక్కపిల్లతో ఆడుకున్నావు, తిడతారని చెప్పలేదు.

నేను కూడా నీలాగే దాచాను. 1964, నాకు పదేళ్లు. పిక్క మీద వీధికుక్క కరిచింది, మా నాయన భయంతో రెండు రోజులు లుంగీ కట్టుకుని తిరిగాను. తెలిశాక ఎవరో కారం పెట్టమన్నారు, ఎవరో సున్నం పెట్టమన్నారు, రెండూ పెట్టారు, ఆ మంట ఇప్పటికీ గుర్తుంది. అవేవీ పెట్టకూడదని అప్పుడు ఎవరికీ తెలియదు. బస్సెక్కించి హైదరాబాద్ తీసుకొచ్చారు, ముషీరాబాద్‌లో మా మేనత్త ఇంట్లో ఉండి రోజుకు ఒకటి చొప్పున బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకున్నాను. వాళ్లింటి వెనక గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేవాణ్ణి. ఆ కరిచిన కుక్క మళ్లీ ఎక్కడా కనిపించలేదు, అది చచ్చిందో బతికిందో తెలియక మా అమ్మ ఎన్నో నెలలు నిద్రపోలేదు. ఎందుకంటే కుక్కకాటుతో వచ్చే రేబిస్ జబ్బు క్రిమి కరిచిన చోటు నుంచి నరాల వెంట మెల్లగా మెదడు వైపు నడుస్తుంది, వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు, ఒకసారి మెదడుకు చేరి లక్షణాలు కనిపిస్తే ఇక డాక్టర్ల చేతిలో దాదాపు ఏమీ ఉండదు. అది చేరేలోపల ఒంట్లో కట్ట కట్టేయాలి. టీకా చేసేది అదే. ఎంత తొందరగా చెబితే కట్టకు అంత టైము దొరుకుతుంది, అందుకే దాచొద్దని చెప్పడం.

నిన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సబ్బు రాసి, ధార కింద 15 నిమిషాలు కడిగించారు. నీకు విసుగొచ్చింది, మధ్యలో కాలు లాగేసుకున్నావు, సిస్టరమ్మ మళ్లీ మొదటి నుంచి టైము చూసింది. రక్తం రాలేదు కాబట్టి టీకా చాలన్నారు. రక్తం కారి ఉంటే గాయం చుట్టూ ఇచ్చే ఇంకో మందు కూడా కావాలి, దానికి పెద్దాసుపత్రికి పంపేవాళ్లు. రెండు భుజాలకు చిన్న చిన్న సూదులు, చర్మంలోకే, నా బొడ్డు సూదులతో పోలిస్తే అవి చీమ కుట్టినట్టే. మొదటి రోజును సున్నా అని లెక్కపెడతారు. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. ఆ చీటీ మీద తేదీలన్నీ రాసి ఇచ్చారు కాబట్టే మిగతావి మియాపూర్‌లో మీ ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో వేయించగలుగుతున్నాం. ఊరి చెరువు నీళ్లు మీ ఇంటి దాకా వచ్చాయన్నమాట.

అందుకే ఆ చీటీ పారేయకండి. మీ ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి పాత చీటీలు, రిపోర్టులు అందులో వేయండి, నాయనమ్మ వాడే బీపీ మాత్రల అట్టలు కూడా, ఎందుకంటే "తెల్లగా గుండ్రంగా ఉంటుంది" అంటే ఏ డాక్టర్ కూడా చెప్పలేడు. జ్వరం ఏ రోజు మొదలైంది, ముందు ఇంకెక్కడైనా మందు తీసుకున్నారా, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని డాక్టరమ్మ దగ్గర దాచేవాళ్లను ఎంతోమందిని చూశాను, పాపం భయపడి దాస్తారు, నష్టపోయేది వాళ్లే. ఒకే డాక్టర్ దగ్గరికి పోతూ ఉంటే ఆమెకు మీ ఇల్లు తెలుస్తుంది, మీ తాతకు షుగరని తెలుస్తుంది, మీ నాన్న చిన్నప్పుడు ఆయాసంతో బాధపడ్డాడని తెలుస్తుంది. నీరడికి మడులు తెలిసినట్టు. హైదరాబాద్‌లో కూడా అలాంటివి ఉన్నాయి, 2018 నుంచి బస్తీ దవాఖానలు వచ్చాయి, మన గల్లీ చివరన ఒకటి ఉంది, నేను షుగర్ చూపించుకునేది అక్కడే. మీ కాలనీలో ఎవరైనా మంచి ఫ్యామిలీ డాక్టర్ ఉంటే వాళ్లయినా సరే, మార్చకుండా పోవాలి.

పండు మొదటి సూది బుధవారం పడింది. 28వ రోజు కూడా బుధవారమే వస్తుంది, వచ్చే వారం. చాలా చోట్ల పసిపిల్లలకు టీకాలు వేసే రోజు కూడా అదే, తల్లులు చాలామంది వస్తారు. మీ వంతు వచ్చేదాకా ఫోన్ చూడకండి. ఐసు పెట్టిన డబ్బాలోంచి సిస్టరమ్మ పోలియో చుక్కల సీసా తీస్తుంది, అడ్డం రాకుండా దగ్గరగా వెళ్లి, చూపించమని మర్యాదగా అడగండి. సీసా మీద ఒక గుండ్రం, దాని లోపల ఒక చతురస్రం ఉంటాయి. మందుకు ఎండ వేడి తగిలిన కొద్దీ లోపలి చతురస్రం ముదురుతూ పోతుంది, గుండ్రంతో సమానమైన రంగుకు వచ్చిందంటే ఆ సీసా ఇక వాడరు. ఆ మందు ఫ్యాక్టరీ నుంచి మీ గల్లీ దాకా ఎంత జాగ్రత్తగా వచ్చిందో ఆ గోరంత బొమ్మే చెబుతుంది. మీరు చూసినప్పుడు ఆ చతురస్రం ఎంత తెల్లగా ఉందో చిట్టి బొమ్మ గీసి నాకు పంపాలి, పండు రంగు వేయాలి.

మీ
తాత